జెమ్ పోర్టల్‌లో జూట్ సంచులు అమ్మిన మూడేళ్ళు: రాజాం నుంచి నా రివ్యూ

ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనే జెమ్ పోర్టల్‌కు ఐదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది పోర్టల్ మీద కోపంతో కాదు. పోర్టల్‌కి అవతల కూర్చుని కొనేవాళ్ళు మారితేనే అది ఐదోది అవుతుంది. అదేమిటో వివరంగా చెబుతాను. చిన్న యూనిట్ పెట్టుకున్నవాళ్ళు, పెట్టాలనుకుంటున్నవాళ్ళు కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది రాజాం. అద్దె షెడ్డులో ఆరు మిషన్లు, ఏడుగురు ఆడవాళ్ళం. ఆరుగురు కుడతారు, కటింగ్ నేను చూసుకుంటాను. జూట్ గుడ్డతో చేతి సంచులు, ఫైలు ఫోల్డర్లు, ట్రైనింగులకీ మీటింగులకీ ఇచ్చే జిప్పు బ్యాగులు చేస్తాం. మొదట్లో పెళ్ళిళ్ళ సీజన్ మీదే బతికేవాళ్ళం. తాంబూలం సంచుల ఆర్డర్లు మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో విరగబడేవి. ఆషాఢం వచ్చిందంటే మిషన్ల మీద గుడ్డ కప్పేసి కూర్చోవాల్సిందే. ఆ ఖాళీ నెలల కోసమే నేను సర్కారు కొనుగోళ్ళ వైపు చూశాను.

నార పని మా ప్రాంతానికి కొత్త కాదు. మా అత్తగారిది చీపురుపల్లి దగ్గర పల్లె. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, ఊరిన తర్వాత నడుంలోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచేవారట. ఆ కంపు వారం దాకా ఒంటిని వదిలేది కాదని ఇప్పటికీ చెబుతుంది. ఆ నార మన మిల్లుల్లో గోనె సంచి అయ్యేది. ఆ గోనెను అందరికంటే ఎక్కువగా కొనేది ప్రభుత్వమే. ఆహారధాన్యాలు, చక్కెర నార సంచుల్లోనే నింపాలని 1987లో ఏకంగా చట్టమే చేశారు. దాని కింద ధాన్యానికి 100 శాతం, చక్కెరకు 20 శాతం నార సంచులే వాడాలన్న లెక్క నడుస్తోంది. వడ్లు కొన్నప్పుడల్లా సంచి కొనాలి, సంచి కొంటేనే మిల్లు తిరగాలి. మా ఆయన కూడా పదేళ్ళు ఒక మిల్లులో చేశారు. అందుకని సర్కారు కొనడం ఆగితే ఏమవుతుందో, కొంటే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మిల్లుకు చట్టం ఉంది సరే, ఆ గుడ్డతో బ్యాగు కుట్టుకునే మాలాంటి వాళ్ళకేముంది? ఈ ప్రశ్నకు జవాబు నాకు విజయనగరంలో జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్ళు పెట్టిన ఒక అవగాహన సమావేశంలో దొరికింది. 2012లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా చేసే కొనుగోళ్ళలో ఇంత వాటా సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. మొదట 20 శాతం అన్నారు, తర్వాత 25 చేశారు. అందులోనే ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు 4 శాతం, ఆడవాళ్ళ యూనిట్లకు 3 శాతం. ఇంకా, 358 రకాల వస్తువులైతే చిన్న యూనిట్ల దగ్గరే కొనాలి, పెద్ద కంపెనీలు అడుగు పెట్టకూడదు. ఆ జాబితాలో తోలు, గుడ్డ, కాన్వాసు, జూట్ బ్యాగులు అన్నీ ఉన్నాయి. ఆ లైను విన్నప్పుడు పక్కనున్నావిడ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడెవరో కూడా నాకు తెలీదు.

ఇక నమోదు సంగతి. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే మనది చిన్న యూనిట్ అని కేంద్రం దగ్గర నమోదు, కావాలి. అది 2020 జులై 1న మొదలైంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో ఒకాయన నా దగ్గర దానికి 2,500 తీసుకున్నాడు. సర్టిఫికెట్ తెచ్చి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తే ఎంతో కష్టపడ్డాడని మళ్ళీ 200 చేతిలో పెట్టాను. సర్కారు వెబ్‌సైట్ లాగే కనిపించేవి చాలా ఉన్నాయి, ఉద్యమ్‌కు డబ్బు అడిగిందంటే అది సర్కారుది కాదని గుర్తు పెట్టుకోండి.

మాకు ఇంకో చిక్కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. నా ఆధార్‌లో ఒక జిల్లా, కరెంటు బిల్లులో ఇంకో జిల్లా, బ్యాంకు పుస్తకంలో పాత చిరునామా. ఒక్కొక్కటీ సరిచేసుకునేసరికి రెండు నెలలు పట్టింది. మనలా జిల్లా మారిన ఊళ్ళవాళ్ళు ముందు ఈ కాగితాలన్నీ ఒక్కలా ఉన్నాయో లేదో చూసుకోండి, ఆ తర్వాతే జెమ్‌లోకి వెళ్ళండి.

జెమ్ అంటే ప్రభుత్వ ఈ-మార్కెట్. 2016 ఆగస్టులో మొదలుపెట్టారు. అంతకుముందు కేంద్రానికి సరుకు అమ్మాలంటే ఢిల్లీలో ఒక పెద్ద డైరెక్టరేట్ ఉండేది, దాని రేటు కాంట్రాక్టులో పేరుండాలి. రాజాంలో మిషను తొక్కే మనిషికి అది అందే సంగతేనా! ఇప్పుడు నా షెడ్డులో కూర్చునే బ్యాగు ఫొటో పెడుతున్నాను. నేను చేరినప్పుడు టర్నోవరు కోటి లోపు ఉన్నవాళ్ళకు 5,000 కాషన్ మనీ (ధరావతు) కట్టించుకున్నారు. 10 లక్షల లోపు ఆర్డర్లకు లావాదేవీ రుసుము లేదు, మా ఆర్డర్లు ఆ దరిదాపులకు కూడా పోవు కాబట్టి నాకు ఏ కోతా పడలేదు. ఏ దళారీకీ కమీషన్ ఇవ్వలేదు. ఏ ఆఫీసు మెట్ల దగ్గరా నిలబడలేదు. దీని కోసమే మూడు స్టార్లు కళ్ళు మూసుకుని ఇచ్చేస్తాను.

ఫొటోలు, కొలతలు ఎక్కించడం నాకు మొదట్లో రాలేదు. డిగ్రీ చదివే మా మేనకోడలు వచ్చి నేర్పింది. గుడ్డ బరువు ఎంత, లామినేషన్ ఉందా, హ్యాండిల్ పొడవెంత, జిప్పు ఏ రకం, ఇవన్నీ లెక్క ప్రకారం రాయాలి. మనం చేత్తో పట్టుకుని ‘ఇది దళసరి, అది పల్చన’ అనుకునేదాన్ని అక్కడ గ్రాముల్లో చెప్పాలి. నిజం చెప్పాలంటే ఆ ఫారం నింపాకే మా సరుకు గురించి నాకు పూర్తిగా తెలిసింది. అంతకుముందు రెండు రోల్స్‌లో గుడ్డ తేడాగా వచ్చినా పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు రోల్ రాగానే ముక్క కోసి తూకం వేస్తాను. తేడా వస్తే వెనక్కి పంపేస్తాను.

మొదటి ఆర్డరు మన ఉత్తరాంధ్రలోనే ఉన్న ఒక కేంద్ర విద్యాసంస్థ నుంచి వచ్చింది. 120 ఫోల్డర్లు, ఒక్కోటి 85 రూపాయలు, మొత్తం 10,200. తక్కువ మొత్తం కాబట్టి బిడ్డింగ్, అంటే ధరల పోటీ, లేకుండా నేరుగా కొన్నారు. కొనే ముందు అక్కడి స్టోర్స్ మేడమ్ ఫోన్ చేసి “అమ్మా, ఒక నమూనా చూపించగలరా?” అని అడిగారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నేనే పట్టుకెళ్ళాను. ఆవిడ జిప్పు పది సార్లు లాగి చూశారు, మూల కుట్టు గోరుతో గీకారు. లోపల పెన్ను జేబు అర అంగుళం పెంచమన్నారు. సరుకు అందిన రెండో రోజే రసీదు, వారంలో అంగీకార పత్రం, ఆ తర్వాత ఎనిమిదో రోజుకు నా ఖాతాలో డబ్బు. నియమం కూడా అంతే: సరుకు చేరిన 48 గంటల్లో తాత్కాలిక రసీదు, పది రోజుల్లో పరిశీలించి అంగీకార పత్రం, అక్కణ్ణుంచి పది రోజుల్లో చెల్లింపు. పెళ్ళివాళ్ళ దగ్గర కూడా నాకు అంత త్వరగా డబ్బు రాలేదు. ఆ 10,200తో నేనేం పెద్ద లాభం చూడలేదు, కానీ ఆషాఢంలో మిషన్లు తిరిగాయి.

అక్కణ్ణుంచి మెల్లగా పెరిగింది. ఆ మేడమ్ చెప్పారో ఏమో, ఇంకో రెండు ఆఫీసుల నుంచి చిన్న చిన్న ఆర్డర్లు వచ్చాయి. 60 సంచులు ఒకసారి, 150 ఫోల్డర్లు ఇంకోసారి. నాలుగు మిషన్లు ఆరయ్యాయి. రెండు మిషన్లకు మోటార్లు బిగించాం. నేను గమనించింది ఏమిటంటే, నా యూనిట్‌ను పెంచినవన్నీ ఇలాంటి చిన్న ఆర్డర్లే. పెద్ద బిడ్ ఒక్కటి కూడా కాదు.

పెద్ద బిడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అవగాహన సమావేశాల్లో ఇది చెప్పరు. చిన్న యూనిట్లకు 15 శాతం వెసులుబాటు ఉందంటారు. ఉంది, అబద్ధం కాదు. ఒక పెద్ద కంపెనీ 100 రూపాయలు వేసి, అదే అందరికంటే తక్కువ ధర అయిందనుకోండి, మనం 115 దాకా వేసినా, ఆ 100కు ఒప్పుకుంటే ఆర్డరులో పాతిక శాతం దాకా మనకిస్తారు. అయితే ఆ వెసులుబాటు తక్కువ ధర వేసినవాడు చిన్న యూనిట్ కానప్పుడే. మా బ్యాగులు ఎలాగూ చిన్న యూనిట్లకే ప్రత్యేకించినవి, అక్కడ పోటీకి వచ్చేవాళ్ళందరూ చిన్నవాళ్ళే. జూట్ గుడ్డ నేసే మిల్లుల పక్కనే ఉన్న కోల్‌కతా యూనిట్ కూడా చిన్నదే, ఆ గుడ్డను లారీ కిరాయి పెట్టుకుని రాజాం తెప్పించుకునే నేనూ చిన్నదాన్నే. కాగితం మీద ఇద్దరం ఒకటే. అతనికి గుడ్డ మీదే మీటరుకు నాకంటే తక్కువ పడుతుంది. ఉత్తర్వులో ‘చిన్న’ అనే మాట ఉంది, ‘దగ్గర’ అనే మాట లేదు. నాకు అర్థం కావడానికి ఏడాది పట్టిన సంగతి ఇది.

కోల్‌కతావాళ్ళ మీద నాకేం పగ లేదు, వాళ్ళూ మాలాంటి ఆడవాళ్ళ చేతే కుట్టిస్తారు. కానీ విజయనగరంలో జరిగే ట్రైనింగుకు బ్యాగులు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి వస్తుంటే, పక్క మండలంలో మిషన్లు ఖాళీగా ఉంటే, మనసు కలుక్కుమంటుంది కదా. దగ్గరున్న యూనిట్ అయితే నమూనా మర్నాడే చూడొచ్చు, జిప్పు పాడైతే మేమే వెళ్ళి మార్చి ఇస్తాం. ఆ మేడమ్ అర అంగుళం జేబు అడిగినట్టు కోల్‌కతా వాళ్ళను అడగగలరా?

ఇంకొకటి అనుభవం షరతు. చాలా బిడ్లలో గత మూడేళ్ళలో ఇంత టర్నోవరు, ఇలాంటి సరుకు ఇంత ఇచ్చిన అనుభవం ఉండాలని రాస్తారు. చిన్న యూనిట్లకు దాన్ని సడలించే వీలు కొనే అధికారికి ఉంది. ఆ ‘సడలింపు ఉందా’ అన్నచోట ‘లేదు’ అని పెట్టేసిన బిడ్లు నేను చాలా చూశాను. ఆర్డరు ఇస్తే గానీ అనుభవం రాదు, అనుభవం ఉంటే గానీ ఆర్డరు ఇవ్వరు. ఈఎండీ, అంటే బిడ్ వేసేటప్పుడు కట్టే ధరావతు, మనకు మినహాయింపే, అది మంచి ఉపకారం. కానీ ఆర్డరు వచ్చాక, సరుకు సరిగ్గా ఇస్తామన్న హామీగా అడిగే పెర్ఫార్మెన్స్ గ్యారంటీకి మినహాయింపు లేదు, ఆ డబ్బు బ్యాంకులో ఇరుక్కుపోతుంది. పెద్ద బిడ్ వేసేముందు అది చూసుకోండి.

ఒక అధికారిని నేను నేరుగానే అడిగాను. “సార్, మీకు ఏడాదికి 2,000 బ్యాగులు కావాలి. ఒకేసారి కొంటే మాలాంటివాళ్ళం అందుకోలేం. మూడు నెలలకోసారి 500 చొప్పున తీసుకోవచ్చు కదా?” ఆయన విసుక్కోలేదు, కుర్చీ చూపించి కూర్చోబెట్టి చెప్పారు. “అమ్మా, బిడ్ తప్పించుకోడానికి కొనుగోలును ముక్కలు చేశామని ఆడిట్ రాస్తే నా పెన్షన్ మీదికొస్తుంది. రూల్ ప్రకారం అలా ముక్కలు చెయ్యకూడదు.” ఆయన భయం న్యాయమైనదే. ఆ రూల్ కూడా మంచికే పెట్టారు, లేకపోతే అయినవాళ్ళకు ముక్కలుగా కట్టబెట్టేవాళ్ళు బయల్దేరతారు. కానీ ఒకే బిడ్ పెట్టి, సరుకు మాత్రం విడతలుగా తీసుకుంటామని అందులోనే రాస్తే ఆయనకూ ఇబ్బంది లేదు, నాకూ ఊపిరి ఆడుతుంది. ఇది కొత్త చట్టం అడిగే పని కాదు, బిడ్ రాసేటప్పుడు ఒక గంట ఆలోచించే పని. నేను పట్టుకున్న ఐదో స్టార్ ఇదే.

ఇప్పుడు నా మీద పడిన దెబ్బ గురించి. ఆఫీసు పేరు, ఊరు చెప్పను. 600 జిప్పు బ్యాగులు, ఒక్కోటి 118, మొత్తం 70,800. మా లెక్కకు అది కొండ. మార్చి నెలలో పది రోజులు రాత్రి తొమ్మిది దాకా కుట్టి పంపాం. సరుకు దిగింది, ట్రాన్స్‌పోర్ట్ కాగితం మీద సంతకం కూడా ఉంది. కానీ పోర్టల్‌లో రసీదు కొట్టాల్సిన ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన “నా ముందు దిగిన సరుకు కాదు” అన్నారు. రసీదు కొట్టకపోతే ఆ పది రోజుల గడియారం అసలు మొదలే కాదు. కంప్యూటర్‌కి ఎంత క్రమశిక్షణ ఉన్నా, మొదటి నొక్కు మనిషి వేలితోనే పడాలి.

ఏప్రిల్ పోయింది, మే పోయింది. గుడ్డ తెచ్చినచోట 38,000 బాకీ. కుట్టుకూలి మాత్రం నేను ఆపలేదు, నా రెండు తులాల గొలుసు బ్యాంకులో పెట్టి ఇచ్చాను. మా పార్వతి రోజూ మిషన్ దగ్గర కూర్చుంటూ “ఇంకా డబ్బులు పడనేదా అక్కా?” అని అడిగేది. తన కూలీ కోసం కాదు, అది తనకు అందింది. నా మెడ బోసిగా ఉందని అడిగేది.

అప్పుడు తెలిసింది మనకు ఇంకో చట్టం కూడా ఉందని. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవాళ్ళు, రాతపూర్వక ఒప్పందం ఎలా ఉన్నా, 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. నేను ఫిర్యాదు చేసుకుంది సమాధాన్ అనే పోర్టల్‌లో. ఉద్యమ్ నంబరు, ఆర్డరు కాపీ, బిల్లు, సరుకు దిగినట్టు కాగితం పెట్టి ఒక సాయంత్రం కూర్చుని దాఖలు చేశాను. అది ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. కౌన్సిల్‌లో విచారణ దాకా పోలేదు. ఫిర్యాదు సంగతి అవతలి ఆఫీసుకు చేరిన పంతొమ్మిదో రోజుకు అసలు మొత్తం పడింది.

వడ్డీ నేను అడగలేదు. అడిగే హక్కు పూర్తిగా నాది. కానీ మళ్ళీ అదే ఆఫీసు ఆర్డరు పెట్టకపోతే? నాలాంటి వాళ్ళు ఎంతమంది ఈ భయంతో వడ్డీ వదులుకుంటున్నారో! చిన్నవాడు అడిగితే గానీ రాని వడ్డీ వడ్డీయే కాదని నా గట్టి నమ్మకం. ఆలస్యమైతే దానంతట అదే బిల్లులో కలిసిపోవాలి. రసీదు కొట్టకుండా ఎన్ని రోజులు కూర్చున్నారో కూడా ఆ ఆఫీసు పేరు పక్కన అందరికీ కనబడాలి. అమ్మేవాళ్ళం ఆలస్యం చేస్తే మా రేటింగ్ తగ్గుతుంది, అదే న్యాయం అటూ ఉండాలి కదా.

రాష్ట్ర ఆఫీసుల గురించి క్లుప్తంగా. 2012 ఉత్తర్వు కేంద్ర శాఖలకూ కేంద్ర సంస్థలకూ మాత్రమే. మన హాస్టళ్ళు, మండలాఫీసులు, మున్సిపాలిటీలు ఆ లెక్కలోకి రావు. చేనేతకు ఆప్కో ఉంది, సహకార సంఘాల గుడ్డ ప్రభుత్వం కొనడానికి ఒక దారి ఏర్పడింది. కుట్టుపనికి, సంచులకు, బుడితి కంచు వస్తువులకు, కవిటి కొబ్బరిపీచు పట్టాలకు అలాంటి దారి ఉంటే మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఎంత కళకళలాడతాయో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. జిల్లాలో ప్రతి ఆఫీసూ ఏడాది మొదట్లోనే ‘మాకు ఈ ఏడు ఇవి కావాలి’ అని ఒక జాబితా గోడకు అంటిస్తే చాలు. ఉగాదికే తెలిస్తే దసరాకు సిద్ధం చేసి పెట్టలేమా?

చేరాలనుకునేవాళ్ళకు నా అనుభవం చెబుతాను. మొదటి ఏడాది చిన్న మొత్తాల మీదే ఉండండి. మీ ఊరి నుంచి ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉన్న చోట్లకే డెలివరీ పెట్టుకోండి, నేను ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, విశాఖ తప్ప ఇంకెక్కడికీ పెట్టడం లేదు. ధరలో రవాణా ఖర్చు కలిపే రాయండి, మళ్ళీ విడిగా అడగడానికి లేదు. సరుకు దింపేటప్పుడు తీసుకున్న మనిషి పేరు, హోదా, తేదీ రాయించుకుని ఫొటో తీసుకోండి. నన్ను గట్టెక్కించింది ఆ ఒక్క కాగితమే. ఇంకా, మీరు స్వయంగా తయారుచేసేవాళ్ళయితేనే ఈ రాయితీలు. కొని అమ్మేవాళ్ళకు ఇవి వర్తించవు, ఉద్యమ్‌లో తప్పు రాస్తే తర్వాత చిక్కు.

మా పార్వతి నా దగ్గర నాలుగేళ్ళు కుట్టి, పోయిన సంక్రాంతి తర్వాత పాలకొండ రోడ్డులో సొంతంగా రెండు మిషన్లు పెట్టుకుంది. ఉద్యమ్ నేనే దగ్గరుండి చేయించాను, పైసా ఖర్చు కాలేదు. పోయిన నెలలో ఒక ఆఫీసు 90 సంచులకు మూడు ధరలు పోల్చి చూసింది. నాది ఒక ధర, పార్వతిది ఇంకొకటి. పార్వతిది నాకంటే రెండు రూపాయలు తక్కువ, ఆర్డరు తనకే వెళ్ళింది. సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది, లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. “రావే, జిప్పులు ఎన్ని కావాలి?” అన్నాను. తొంభై లెక్కపెట్టి ఇచ్చాను, డబ్బు పడ్డాక ఇవ్వమన్నాను. పదిహేడో రోజుకు పడింది.